ఒత్తిడి గడియలో నిలకడ

పాఠ్యభాగములు: 1 కొరింథీయులకు 9:24-27; లూకా 22:39-62; హెబ్రీయులకు 12:1-3

ముఖ్యాంశము: ఒత్తిడి గడియ మనుష్యునికి క్రొత్త బలము నియ్యదు, అతడు ముందుగా కూడబెట్టుకొనినదానిని బయలుపరచును.

ఉపోద్ఘాతము

బస్తరు సీమ తెలుగువారికి పరాయి దేశము కాదు. చింతూరు దాటి కోంటాలో అడుగుపెట్టినవారికి తెలుగుమాట వినబడుచునే యుండును. 14వ శతాబ్దములో ఓరుగల్లునుండి వెళ్లిన కాకతీయ వంశస్థుడగు అన్నమదేవుడు అచట రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశ చరిత్ర చెప్పుచున్నది. ఒకప్పుడు ఒకే జిల్లాగానుండి వైశాల్యమున కేరళ రాష్ట్రమునే మించిన ఆ సీమ నేడు ఏడు జిల్లాలుగా విభజింపబడియున్నది.

ఆ ఏడింటిలో ఒకటి నారాయణపూర్. అబూజ్‌మాడ్ అను కొండసీమకు ద్వారమువంటి ఆ పట్టణములో ఆదివాసి బాలబాలికలు మల్లఖంబము అను విద్య నభ్యసించుచున్నారు. మల్లుడనగా కుస్తీ పట్టువాడు, ఖంబమనగా స్తంభము. మహారాష్ట్రమున వృద్ధిపొందిన యీ విద్యలో నేలను పాతిన నున్నని కఱ్ఱస్తంభమునకు ఆముదము పూయుదురు. పిల్లవాడు దానిమీదికి ఎగబ్రాకి, కొన తట్టున తలక్రిందుగా నిలిచి, కాళ్లతో మాత్రమే పట్టుకొని చేతులు చాచును. 2023లో అబూజ్‌మాడ్ పిల్లల బృందము ‘ఇండియాస్ గాట్ టాలెంట్’ అను టెలివిజన్ పోటీలో ప్రథమస్థానము పొందగా దేశమంతయు వారిని చూచెను.

అట్టి పిల్లవాడు దీపకాంతిలో, వేలమంది కన్నులయెదుట, జారిపోవు స్తంభముమీద ఎట్లు నిలిచెను? అతని ఒత్తిడియు, అర్ధరాత్రి జ్వరపడిన బిడ్డయొద్ద కూర్చుండు ఆరోగ్య సేవకురాలి ఒత్తిడియు ఒక్కటియేనా? క్రీస్తు నామము నిమిత్తము నిలదీయబడు విశ్వాసి ఈ యిద్దరియొద్దను ఏమి నేర్చుకొనవలెను? ఈ పాఠములో విచారింపవలసినవి ఈ మూడు ప్రశ్నలే.

1. ఆటస్థలమందలి ఒత్తిడి

ఆటగాని ఒత్తిడి ముఖ్యముగా చూచువారి కన్నులనుండి పుట్టును. అభ్యాసస్థలములో వందసార్లు తప్పక చేసిన పనియే జనసమూహము నెదుట అతనికి క్రొత్తదిగా కనబడును. చేతులు చెమర్చును, గుండె వేగముగా కొట్టుకొనును. ఈ విషయమును పరిశోధించిన మనశ్శాస్త్రజ్ఞులు ఒక చిత్రమైన సంగతి గమనించిరి. బాగుగా నేర్చిన విద్య దేహమునకు అలవాటైపోవును. అట్టి విద్యలోని ఒక్కొక్క కదలికను మనస్సు తిరిగి పరీక్షింప నారంభించినయెడల అది తడబడును. వేగముగా మెట్లు దిగుచున్నవాడు తన పాదములు ఎక్కడ పడుచున్నవోయని చూచుకొన మొదలిడి తొట్రిల్లుట వంటిదే యిది. ఆ గడియలో తన్నుగూర్చి తాను అధికముగా తలంచుటయే ఆటగానికి ఉరియగును.

2023లో చైనాలోని హాంగ్జౌ పట్టణమున జరిగిన ఆసియా క్రీడలలో విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ విలువిద్యలో మూడు బంగారు పతకములు గెలిచెను. ఆమె పాల్గొను కాంపౌండ్ విభాగములో గురి 50 మీటర్ల దూరమున నుండును. పది పాయింట్లు ఇచ్చు నడిమి వలయము 8 సెంటీమీటర్ల అడ్డము గలది మాత్రమే. ఇద్దరు ఎదురెదురుగా పోటీపడునప్పుడు ఒక్కొక్క బాణమునకు 20 సెకనుల గడువుండును. వ్యక్తిగత విభాగపు తుదిపోటీలో ఆమె 15 బాణములతో 150 పాయింట్లకుగాను 149 సంపాదించెను. ఆ 20 సెకనులలో ఎవరును విలువిద్య నేర్చుకొనలేరు. ఏండ్ల తరబడి ఎవరును చూడని ఉదయములలో నేర్చుకొనినదే అప్పుడు చేతికి వచ్చును.

బస్తరు అడవులలో పుట్టినవారికిని విల్లు పరిచితమైన వస్తువే. 2024లో ఏడు జిల్లాల జనులకొరకు బస్తర్ ఒలింపిక్స్ అను క్రీడలు జరుపబడగా లక్షన్నరకు పైగా పేర్లు నమోదు చేసికొనిరి. విలువిద్య, కబడ్డీ, ఖోఖో, హాకీ మొదలగు పోటీలు జరిగెను. ఆయుధములు విడిచి వచ్చినవారును, మందుపాతరలవలన కాలుసేతులు కోల్పోయినవారును అందులో పాలుపొందిరి. ఒకప్పుడు పరుగెత్తుట యనగా ప్రాణము దక్కించుకొనుటయే యైన సీమలో, ఓడినవాడును క్షేమముగా ఇల్లు చేరు పరుగు జరుగుట చిన్న సంగతి కాదు. ఆటయందలి మేలు ఇదియే. దానిలో ఓటమి కలదు గాని నాశనము లేదు. పందెము ముగిసిన పిమ్మట మరియొక పందెము కలదు.

2. ఇతర వృత్తులయందలి ఒత్తిడి

ఇతర వృత్తులయందు స్థితి వేరు. బస్తరునందలి బైలదిల్లా కొండల ఇనుప ఖనిజమును విశాఖపట్నమునకు చేర్చు కొత్తవలస-కిరందుల్ రైలుమార్గము సుమారు 445 కిలోమీటర్లు గలది. 1960వ దశకములో నిర్మింపబడిన యీ మార్గములో ఏబదికి పైగా సొరంగములున్నవి. కిరందుల్ నుండి వచ్చు బండి జగదల్‌పూర్, కోరాపుట్, అరకు దాటి, శిమిలిగూడ వద్ద సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల ఎత్తున నిలిచి, అచటనుండి అనంతగిరి కనుమల గుండ మైదానమునకు దిగవలెను.

ఖనిజముతో నిండిన బండిని ఆ దిగుడులో నడపు డ్రైవరునకు చప్పట్లు కొట్టువారు లేరు. క్షేమముగా దిగిన బండిని గూర్చి ఏ పత్రికయు వ్రాయదు. అయినను అతని చేతిలో తన ప్రాణమును, సహాయకుని ప్రాణమును ఉన్నవి. వేగము చేయి దాటకముందే అతడు దానిని అదుపుచేయవలెను. దాటిన పిమ్మట అతని నేర్పు ఎంతైనను ప్రయోజనము స్వల్పము. అందుచేతనే బండి బయలుదేరక మునుపే బ్రేకులు పరీక్షింపబడి, అవి సరిగానున్నవను పత్రము అతని చేతికి ఇయ్యబడును. పరీక్ష బయలుదేరు చోట జరుగును. దాని విలువ కనుమలో తెలియును.

ఆరోగ్య సేవకురాలి సంగతియు అట్టిదే. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో ఆరంభమైన మితానిన్ పథకమందు గ్రామస్త్రీలే తమ పొరుగువారి ఆరోగ్యమునుగూర్చి శిక్షణ పొందిరి. మితానిన్ అనగా స్నేహితురాలు. తరువాత దేశమంతట ఏర్పడిన ఆశా కార్యకర్తలకు ఈ పథకము ఒక మాదిరియాయెను. 2020 జనవరిలో బస్తరునందు మలేరియా నిర్మూలనకై ఇంటింట రక్తపరీక్షలు ఆరంభింపబడెను. జ్వరముతో మూలుగుచున్న బిడ్డ వ్రేలినుండి ఒక రక్తపుబొట్టు తీసి, పరీక్షపట్టీమీద వేసి, గీత కనబడువరకు కొన్ని నిమిషములు కనిపెట్టవలెను. మెదడుకు ప్రాకు మలేరియాయైనయెడల ఒక రాత్రి ఆలస్యము ప్రాణాంతకము కావచ్చును. వాగు పొంగియున్నను, దారి మూసియున్నను, తల్లి ఆమె ముఖమువైపే చూచుచుండును. ఆ సేవకురాలికి విజిల్ ఊదు న్యాయనిర్ణేత లేడు, విరామసమయము లేదు, తప్పిపోయినయెడల వచ్చే ఏడు తిరిగి పోటీచేయుదునని చెప్పుకొను వీలు లేదు.

ఈ రెండు ఒత్తిడులకును భేదములు స్పష్టముగా నున్నవి. ఆటగాడు తన గడియ ఎప్పుడు వచ్చునో ముందుగానే యెరుగును; సేవకురాలి గడియ దొంగవలె వచ్చును. ఆటగాడు ఓడినయెడల నష్టము అధికముగా అతనిదే; వైద్యుడు, డ్రైవరు తప్పినయెడల నష్టము ఇతరులది. ఆటగాడు ఒకే పనిని సంపూర్ణముగా నేర్చి దానిని దేహమునకు అప్పగించి నిలువవచ్చును. వైద్యుడట్లు చేయజాలడు. అతని యెదుట ఒక్కొక్క రోగి వేరు వేరు. తొందరలో ఎంత తెలిసినవాడైనను ఒక చిన్న సంగతి మరచిపోవును.

అందుచేత 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్సలకొరకు 19 అంశముల పట్టికను సిద్ధపరచెను. రోగి పేరేమి? ఏ అవయవమునకు చికిత్స? సామగ్రి అంతయు లెక్కకు వచ్చెనా? ఇట్టి మామూలు ప్రశ్నలను వైద్యులు, నర్సులు బిగ్గరగా అడుగుకొందురు. 8 దేశములలోని 8 ఆసుపత్రులలో దీనిని పరీక్షించి చూడగా శస్త్రచికిత్స పొందినవారిలో మరణములు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గెనని 2009లో ప్రకటింపబడెను. ఆ ఎనిమిదింటిలో ఒకటి ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ అను మిషను ఆసుపత్రి. గొప్ప వైద్యుడు సహితము “ఒంటరిగా నా జ్ఞాపకము చాలదు” అని ఒప్పుకొనుటయే ఆ పట్టిక యొక్క బలము. వృత్తియందలి ఒత్తిడికి మందు ముందుగా వ్రాసిపెట్టుకొనిన మాటయు, ప్రక్కన నిలిచి దానిని చదివి వినిపించు తోటివారును.

3. పౌలు ఆటగానినుండి ఏమి తీసికొనెను?

కొరింథు పట్టణమునకు సమీపముననున్న ఇస్త్ము అను భూసంధియందు రెండేండ్లకొకసారి గొప్ప క్రీడలు జరుగుచుండెను. గెలిచినవానికి ఆకులతో అల్లిన కిరీటము దొరకెడిది. కొరింథులో ఒకటిన్నర సంవత్సరము నివసించిన అపొస్తలుడైన పౌలు (అపొ. 18:11) ఆ సంఘమునకు వ్రాయునప్పుడు వారి కన్నులయెదుటనున్న ఆ దృశ్యమునే వాడుకొనెను. ఆటగాని మితమును, గురి తప్పని పరుగును, దేహమును లోబరచుకొను శ్రమను అతడు మెచ్చుకొనెను. అయితే రెండు చోట్ల అతనినుండి విడిపోయెను. ఆటగాని కిరీటము వాడిపోవునది, విశ్వాసిది వాడనిది. ఆటగాడు తనకొరకు పరుగెత్తును. పౌలు ఆ అధ్యాయమంతట ఇతరులను రక్షణకు తెచ్చుటకై తన హక్కులను వదులుకొనుటను గూర్చి వ్రాయుచున్నాడు (9:19-23). కాబట్టి ఆ పరుగును తరువాతి వచనములనుండి మాత్రమే కాక ముందటి వచనములతో కలిపి చదువవలెను. పౌలు ఆటగాని సాధనను తీసికొనెను. ఆరోగ్య సేవకురాలి భారమును దానితో జతపరచెను.

ఈ రెండును ఒకే మనుష్యునియందు కూడుట ఎరిక్ లిడెల్ జీవితములో కనబడును. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగు తొలిపోటీలు ఆదివారమున జరుగనైయుండగా అతడు పాల్గొననొల్లక, 400 మీటర్ల పరుగునకు సిద్ధపడి, 47.6 సెకనులలో బంగారు పతకము గెలిచెను. మరుసటి సంవత్సరము మిషనెరీగా చైనాకు వెళ్లెను. రెండవ ప్రపంచయుద్ధములో జపానువారు 1943లో అతనిని వైషియన్ నిర్బంధ శిబిరములో ఉంచిరి. అచట అతడు పిల్లలకు పాఠములు చెప్పెను, ఆటలు ఆడించెను. ఆదివారమున ఆటలు వలదని మొదట పట్టుపట్టెను గాని, ఆడించువారు లేక పిల్లలు కొట్లాడుకొనగా, వారి నిమిత్తము ఆదివారముననే న్యాయనిర్ణేతగా నిలిచెను. తన కీర్తికొరకు ఆదివారమున పరుగెత్తనివాడు ఇతరుల పిల్లల సమాధానముకొరకు ఆదివారమున మైదానములోనికి దిగెను. 1945 ఫిబ్రవరి 21న, విడుదలను చూడకయే, 43 ఏండ్ల ప్రాయమున అతడు ప్రభువునొద్దకు చేరెను. పారిస్ పరుగునకు ఒక నిమిషము పట్టలేదు. ఆ శిబిరపు పరుగునకు దాదాపు రెండేండ్లు పట్టెను. దాని యంతమున చప్పట్లు లేవు.

4. స్టేడియములో తలదాచుకొనినవారు

నారాయణపూర్ పట్టణమునకు తిరిగి రావలసియున్నది. 2022 డిసెంబరులో నారాయణపూర్, కొండగావ్ జిల్లాలలోని అనేక గ్రామములలో క్రీస్తును వెంబడించు ఆదివాసి కుటుంబములు తమ విశ్వాసమును విడిచిపెట్టవలెనని ఒత్తిడి చేయబడి ఇండ్లనుండి వెళ్లగొట్టబడెను. వారిలో వందలమంది నారాయణపూర్‌లోని ఇండోర్ స్టేడియములో తలదాచుకొనిరి. ఆటలకొరకు కట్టబడిన కప్పు క్రింద, క్రిస్మస్ సమీపించిన ఆ చలిరాత్రులలో, పసిపిల్లలతో వృద్ధులతో వారు నేలమీద పండుకొనిరి.

వారి ఒత్తిడి ఆటగానిదియు కాదు, వృత్తిపరునిదియు కాదు. వారు ఆ పందెమునకు పేరు నమోదు చేసికొనలేదు. నిలదీసినవారు దూరదేశపు శత్రువులు కారు. ఒకే బావి నీళ్లు త్రాగిన పొరుగువారు, కొన్నిచోట్ల సొంత బంధువులు. ఒక్క మాట చెప్పినయెడల ఇల్లు, పొలము, ధాన్యము దక్కును. చెప్పనియెడల బిడ్డలు చలిలో నుందురు. తన నష్టమును సహింప సిద్ధపడిన తండ్రికి సహితము బిడ్డల ఆకలి వేరొక పరీక్ష. దూరమున క్షేమముగా కూర్చుండి ఈ వృత్తాంతమును చదువువారు, నిలిచినవారిని త్వరపడి పొగడుటకుగాని వంగినవారికి తీర్పు తీర్చుటకుగాని పూనుకొనరాదు. వారితో కూడ శ్రమపడుచున్నట్లు జ్ఞాపకము చేసికొనుటయే హెబ్రీ పత్రిక నేర్పిన మర్యాద (హెబ్రీ. 13:3).

అట్టి గడియలో వేదాంతశాస్త్రము నేర్చుకొనుటకు సమయము లేదు. సాయంకాల ప్రార్థనలో బిడ్డలతో కూడ పలికిన మాటలు, కంఠస్థము చేసిన వచనములు, కష్టములో ఒకరియింటికి ఒకరు మోసికొనిపోయిన బియ్యము, ఇవియే ఆ దినమున చేతికి వచ్చును. విలుకాని దేహములో అభ్యాసమున్నట్లు అవి విశ్వాసి హృదయములో నుండును. శస్త్రచికిత్సగదిలో పట్టికను చదివి వినిపించు నర్సువలె తోటి విశ్వాసి అతని చెవిని వాగ్దానమును వినిపించును. సంఘము ఇందుకొరకే ఇయ్యబడెను.

5. పేతురు ఓటమి, ప్రభువు జయము

గెత్సెమనే అను పేరునకు నూనెగానుగ అని యర్థము. అచట ప్రభువు అనుభవించిన వేదనను తెలుపుటకు లూకా వాడిన గ్రీకు మాట ‘అగోనియా’ (22:44). పందెమునకు గ్రీకులు వాడిన ‘అగోన్’ అను మాట దానికి మూలము. హెబ్రీ పత్రిక 12:1లో విశ్వాసి యెదుటనున్న పందెమునకు వాడబడినదియు ఆ ‘అగోన్’ అను మాటయే. ఆ రాత్రి ప్రభువుయొక్క పోటీని చూచుటకు ప్రేక్షకులు లేరు. ముగ్గురు శిష్యులుండిరి గాని వారు నిద్రించిరి. ఆయన తన నిమిత్తము కాదు, సర్వలోకము నిమిత్తము నిలిచెను. గడియ రాకమునుపే తండ్రి చిత్తమునకు తన్ను అప్పగించుకొనెను. కాబట్టి దివిటీలు కత్తులు వచ్చినప్పుడు ఆయన నిబ్బరముగా ఎదురు వెళ్లెను. పిలాతు ముందరి నెమ్మది తోటలోని మోకాళ్లమీద సంపాదింపబడినది.

పేతురు కథ దీనికి ఎదురుగా నున్నది. అతనికి ధైర్యము కొరతపడలేదు. అతడు కత్తి దూసినవాడు. అయితే ప్రార్థింపవలసిన గడియలో నిద్రించి, నిద్రింపవలసిన గడియలో పెరటిలో బొగ్గులమంటయొద్ద ఒంటరిగా నిలిచెను. సైనికుడు కాదు, ఒక దాసి అడిగిన ప్రశ్నకే తొట్రిల్లెను. చూచువారి కన్నులకు భయపడి తన్నుగూర్చి మాత్రమే తలంచెను.

పాఠము ఇక్కడ ముగిసినయెడల అది వట్టి శిక్షణపాఠమే యగును. ఆటస్థలములో తప్పిపోయినవాని పేరు పట్టికనుండి కొట్టివేయబడును. వృత్తిలో తప్పిపోయినవానికి విచారణ జరుగును. ప్రభువైతే వెనుకకు తిరిగి పేతురువైపు చూచెను. పునరుత్థానుడైన పిమ్మట సముద్రతీరమున మరల ఒక బొగ్గులమంటయొద్దకే అతనిని పిలిచి (యోహాను 21:9), మూడు మారులు బొంకిన నోటనుండి మూడు మారులు ప్రేమను పలికించి, తన గొఱ్ఱెలను అప్పగించెను. అంతట పేతురు ఒత్తిడి మారిపోయెను. ఇకను అతడు తన పేరునుగూర్చి కాక మందను గూర్చి భయపడువాడాయెను. మహాసభయెదుట నిలిచినది ఆ మనుష్యుడే (అపొ. 4:8-13).

సమాప్తి

విశ్వాసి ఆటగానియొద్ద దినదిన సాధనను నేర్చుకొనవలెను గాని, చూచువారి మెప్పుకొరకు బ్రదుకుటను నేర్చుకొనరాదు. వైద్యునియొద్దను డ్రైవరునొద్దను ఇతరుల క్షేమమును మోయుటయు, తన జ్ఞాపకమునే నమ్ముకొనకుండుటయు నేర్చుకొనవలెను గాని, “తప్పినయెడల ఇక లేదు” అను నిరాశను నేర్చుకొనరాదు. ఏలయనగా క్రీస్తుతో పరుగెత్తువానికి తప్పిన చోటనే మరల నిలువబెట్టు ప్రభువు కలడు. రాబోవు సంవత్సరములో ఎవరికి ఏ గడియ వచ్చునో ఎవరును ఎరుగరు. పరీక్షగదిలో విద్యార్థికి, ఆసుపత్రి వరండాలో తల్లికి, పంచాయతి యెదుట ఒంటరి విశ్వాసికి అది వచ్చును. అప్పుడు చేతికి రావలసినది నేటి ఉదయమున, నేటి సాయంకాలమున కూడబెట్టుకొనబడవలెను.

ఆలోచనకు ప్రశ్నలు

1. దావీదు గొల్యాతును ఎదుర్కొనకమునుపు ఏకాంతమున ఏమేమి అభ్యసించెను? (1 సమూ. 17:34-37)

2. దానియేలు శాసనము వచ్చిన పిమ్మట ప్రార్థన ఆరంభించెనా, లేక కొనసాగించెనా? (దాని. 6:10) ఈ రెంటికిని భేదమేమి?

3. వృత్తిలో మన తప్పువలన నష్టపడువారెవరు? వారి పేర్లు మన ప్రార్థనలో నున్నవా?

4. ఒత్తిడికి వంగి తరువాత తిరిగివచ్చినవానిని మన సంఘము ఏ మంటయొద్దకు పిలుచును: పెరటిలోని మంటయొద్దకా, తీరమందలి మంటయొద్దకా?

ప్రార్థనాంశములు

బస్తరునందు విశ్వాసము నిమిత్తము ఇల్లు విడిచిన కుటుంబములు సమాధానముతో తమ గ్రామములలో నివసించునట్లును, వారును వారి పొరుగువారును ఒకరితో నొకరు సమాధానపడునట్లును. అడవి గ్రామములలో సేవచేయు మితానినులు, నర్సులు, ఉపాధ్యాయుల కొరకును. కనుమలలో రాత్రివేళ బండ్లు నడపు రైలు సిబ్బంది కొరకును. పోటీలలో ఓడి కృంగియున్న యౌవనుల కొరకును ప్రార్థింపవలెను.